పెరటి కుంకుడు చెట్టు

శుక్రవారము ఆడవారికి, శనివారము మగవారికి తలంటి అన్న నియమము ఇండ్లలో చెల్లుతున్న రోజులలో, తెల్లవారి వీధి వెంట నడిచిపోయేవారికి ప్రతి పెరటినుండి ఒక చప్పుడు వినవచ్చేది. గడప ప్రక్కన రాతిమీద కుంకుడుకాయలు కొట్టే చప్పుడు అది. ఆ వెనుక కాగులో నీళ్లు మరిగే సవ్వడి, ఆ పైన కళ్లు మండుతున్నవని పిల్లల ఏడుపు. ఏడ్చే పిల్లవాని నోటిలో తల్లి ఒక ఉప్పుకల్లు వేసేది. ఆ ఉప్పు కంటి మంటను ఎంతవరకు తీసినదో చెప్పలేము గాని, ఏడుపును మాత్రము తప్పక ఆపేది.

ఆ కాయల నిచ్చే చెట్టును గురించి మనము ఆలోచించినది తక్కువ. మామిడికి తోట వేస్తాము. కొబ్బరికి పాదు చేస్తాము. వేపకు పసుపు కుంకుమలు పెట్టి ప్రదక్షిణము చేస్తాము. కుంకుడు చెట్టు మాత్రము పెరటి మూలనో, పొలము గట్టుమీదనో, ఎవరు నాటినదీ తెలియకుండా ఉండేది. ఉన్నంతకాలము దానిని ఎవరూ పట్టించుకోలేదు. పోయిన తరువాత దాని విలువ తెలిసినవారు చాలమంది ఉన్నారు. వారిలో నేను ఒకడను.

చంద్రగిరి వైపున మా అవ్వగారి ఇంటి పెరటిలో ఒక పెద్ద కుంకుడు చెట్టు ఉండేది. ఇంటికి నీటి ఎద్దడి వచ్చినప్పుడు బోరు వేయించాలని పెద్దలందరు నిశ్చయించారు. బోరు వేసే లారీ పెరటిలో తిరగడానికి చోటు చాలలేదు. ఒక్క పూటలో చెట్టును కొట్టివేశారు. బోరు పడినది, నీరు కూడ పడినది. కాని ఆ నీరు ఎంత కఠినమైనదంటే, సబ్బు ఎంత రుద్దినా నురగ రాక, తలమీద తెల్లని జిగురు మాత్రము మిగిలేది. అప్పుడు మా అవ్వ అన్న మాట నాకిప్పటికీ జ్ఞాపకము ఉన్నది. "చెట్టునిచ్చి నీళ్లు తెచ్చుకుంటిరి గదరా నాయనా! ఈ నీళ్లకు ఆ చెట్టే కావల్సి వచ్చె."

ఆమె మాటలో ఎంత రసాయనశాస్త్రము ఉన్నదో ఆమెకు తెలియదు. నాకు కూడ చాలకాలమునకు గాని తెలియలేదు. ఆ సంగతి మొదట చెప్పి, తరువాత చెట్టును పెంచే పద్ధతి చెబుతాను.

నురగ రహస్యము

కుంకుడుకాయలో గింజ చుట్టూ ఉండే జిగురు కండలో సాపోనిన్ అనే పదార్థము ఉన్నది. ఎండిన తొక్క బరువులో ఇది సుమారు పదో వంతు ఉంటుంది. ఈ సాపోనిన్ అణువుకు రెండు ముఖములు. ఒక ముఖము నూనెను పట్టుకుంటుంది. రెండవది నీటిని పట్టుకుంటుంది. తలకు పట్టిన నూనె, మురికి ఒక చేతితోను, పోసిన నీరు ఇంకొక చేతితోను పట్టుకొని, ఆ రెండింటిని కలిపి తీసుకుపోవడమే దాని పని. సబ్బు చేసేది కూడ ఇదే పని. కాని సబ్బుకు ఒక బలహీనత ఉన్నది. కఠిన జలములో సున్నపు లవణములు, మెగ్నీషియం లవణములు ఉంటాయి. సబ్బు వాటితో కలిసి కరగని తెట్టుగా మారిపోతుంది. ఆ లవణములన్నీ తీరిన తరువాత గాని నురగ రాదు. కుంకుడు రసము ఆ లవణములతో అట్లు తెట్టు కట్టదు. అందుచేత బోరు నీటిలో కూడ నురగ వస్తుంది. మా అవ్వ చెప్పినది ఇదే.

మరియొక భేదము కూడ ఉన్నది. సబ్బు క్షారగుణము కలది; కుంకుడు రసము స్వల్పముగా ఆమ్లగుణము కలది. పట్టు, ఉన్ని, మన తల వెంట్రుకలు ఇవన్నీ ఒక జాతి పదార్థముతో ఏర్పడినవి. క్షారము తగిలితే బిరుసెక్కుతాయి. పట్టుచీరను కుంకుడు రసముతో ఉతకవలెనని పెద్దలు పట్టుపట్టడానికి కారణము ఇదే. కంసాలులు నగలకు మెరుగు పెట్టే ముందు కుంకుడు నీటిలో నానవేసి తోమడము కూడ మనము ఎరిగినదే.

పేరు, బంధువులు

కుంకుడును సంస్కృతమున అరిష్టకమని, ఫేనిలమని అంటారు. ఫేనము అనగా నురగ. తమిళులు పూందిక్కొట్టై అంటారు. కన్నడిగులు అంటువాళ అంటారు. ఉత్తరాదివారు రీఠా అంటారు. మూడు భాషలు కలిసే చిత్తూరు సీమలో ఒకే సంతలో ఒకే కాయను మూడు పేర్లతో అడిగి కొనేవారున్నారు. శాస్త్రజ్ఞులు పెట్టిన సాపిండస్ అన్న పేరుకు "భారతదేశపు సబ్బు" అని అర్థము. మన వైపు పెరిగే జాతికి సాపిండస్ ఎమార్జినేటస్ అని డెన్మార్కు వృక్షశాస్త్రజ్ఞుడు వాల్ 1794లో పేరు పెట్టినాడు. ఎమార్జినేటస్ అనగా కొన నొక్కుబడినది. ఈ చెట్టు ఆకును చేతికి తీసుకొని చూడండి. కొన మొనదేలి ఉండక, గోటితో గిల్లినట్లు చిన్న నొక్కు కనబడుతుంది. చెట్టును గుర్తించడానికి ఇంతకన్న సులువైన గుర్తు లేదు. హిమాలయ ప్రాంతముల రీఠా వేరొక జాతి. దాని కాయ ఒంటిగా, గుండ్రముగా ఉంటుంది. మన కుంకుడు సాధారణముగా రెండు మూడు కాయలు ఒకే తొడిమెకు అతుకుకొని, పైన తుప్పు రంగు నూగుతో ఉంటుంది.

కుంకుడు కుటుంబము పెద్దది. రుచికరమైన లిచీ పండు ఈ కుటుంబములోనిది. కంచెలమీద ప్రాకుతూ, గాలితో ఉబ్బిన బుడ్డల వంటి కాయలు కాచే బుడ్డకాకర తీగ కూడ ఈ కుటుంబములోనిదే. అమెరికాలో బక్కై అనే చెట్టు ఒకటి ఉన్నది. మెరిసే గోధుమరంగు గింజమీద లేత మచ్చ ఉండి లేడికన్నువలె కనబడుతుంది గనుక దానికి ఆ పేరు వచ్చినది. ఒహాయో రాష్ట్రము దానిని 1953లో తన రాష్ట్ర వృక్షముగా స్వీకరించినది. ఈ చెట్టును పూర్వము వేరొక కుటుంబములో చేర్చేవారు. నేటి శాస్త్రజ్ఞులు కుంకుడు కుటుంబములోనికి తెచ్చినారు. ఆ చెట్టుకు మన దేశములోనే ఒక సోదరి ఉన్నది. కాశ్మీరము, హిమాచల ప్రదేశము, ఉత్తరాఖండము కొండలలో పాంగర్ అనే పేరుతో అది పెరుగుతుంది. దాని గింజల పిండిని కొండవాసులు ఎన్నోసార్లు నీటిలో కడిగి, చేదు పోగొట్టి, కరువు కాలమున తినేవారు. ఆ చేదు కూడ సాపోనిన్ వలన కలిగినదే. చలి దేశములలో ఈ చెట్లు శీతకాలమున మంచుకు వెరచి ఆకు రాలుస్తాయి. మన కుంకుడు ఎండకు వెరచి రాలుస్తుంది. కారణము వేరైనా ఉపాయము ఒక్కటే: కష్టకాలమున ఖర్చు తగ్గించుకొనడము.

శేషాచలము కొండలలోని అడవులు ఆకురాల్చు జాతివి. 2010లో ఈ కొండలను జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటించినారు. ఆ ప్రకటన తెచ్చిన కీర్తి చాలవరకు ఎఱ్ఱచందనానికి దక్కినది, అది న్యాయమే. కాని కొండ పాదములలోను, ఏటి ఒడ్డులలోను, పల్లెల చుట్టుప్రక్కలను పెరిగే కుంకుడు కూడ ఈ గడ్డకు చెందినదే. దీనిని నాటడానికి ఎవరి అనుమతి అక్కరలేదు. దీనికోసము రాత్రివేళ గోడ దూకి వచ్చే దొంగ కూడ లేడు. పెరటిలో పెంచదలచినవానికి ఇది చిన్న సదుపాయము కాదు.

విత్తనము మొలకెత్తే తీరు

కుంకుడును పెంచబోయి నేను రెండుమారులు ఓడిపోయినాను. మొదటిసారి అంగడిలో కొన్న కాయల గింజలు తీసి పాతిపెట్టినాను. మూడు నెలలు నీరు పోసినా ఒక్కటి కూడ మొలవలేదు. అవి ఎన్నేళ్లనాటి కాయలో అమ్మినవానికే తెలియదు. రెండవసారి క్రొత్త గింజలే నాటినాను, రెండు మొలిచినవి. ప్రేమ కొద్దీ పూటపూటకు నీరు పోసి వాటి వేళ్లు కుళ్లబెట్టినాను. ఈ రెండు తప్పులు మీరు చేయకుండుటకే ఈ వివరము.

కుంకుడు మన ప్రాంతమున చలికాలము ప్రవేశించే వేళకు పూస్తుంది. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా తెల్లని చిన్న పూలు వస్తాయి. చూపుకు ఆనవు గాని, తేనెటీగలకు అది పెద్ద పండుగ. మాఘ, ఫాల్గుణములు మొదలుకొని చైత్రము వరకు కాయలు పండి, ముడతలు పడి, రాలుతాయి. బాగా కాచే చెట్టును, పెద్ద కాయలు కాచే చెట్టును ముందే చూచి పెట్టుకొని, దాని క్రింద ఆ యేడు రాలిన కాయలనే ఏరుకొనవలెను. కాయను నీటిలో నానవేసి, కండను పిసికి తీసివేసి, గింజలను నీటిలో వేయండి. తేలినవి తాలు, మునిగినవి పనికివచ్చేవి. వాటిని నీడలో రెండు దినములు ఆరబెట్టవలెను.

కుంకుడు గింజ నల్లని రాయి వంటిది. దాని కవచములోనికి నీరు సులభముగా పోదు. అడవిలో ఎండకు ఎండి, వానకు తడిసి, ఆ కవచము బీటలు వారడానికి చాలకాలము పడుతుంది. ఆ పని మనము చేతితో చేయవచ్చును. గింజకు ఒకచోట కన్ను ఉంటుంది. మొలక దానివైపునుండి వస్తుంది. కన్నుకు ఎదురు వైపున గరుకురాతిమీద అరగదీయండి. నల్లని పెంకు పలుచబడి లోపలి రంగు లేశమాత్రము కనబడగానే ఆపవలెను. ఇట్లా చేసిన గింజలను ఒక పగలు, ఒక రాత్రి నీటిలో నానవేయండి. ఓపిక లేనివారు గింజలమీద వేడినీరు పోసి, పొయ్యిమీదనుండి దించి, అట్లాగే చల్లారనిచ్చి మరునాటి వరకు ఉంచవచ్చును. పొయ్యిమీద ఉడికించరాదు.

ఎఱ్ఱమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి సంచులలో నింపవలెను. కుంకుడు మొదట క్రిందికి పెరిగి, తరువాత పైకి పెరిగే చెట్టు. వేలెడు మొక్కకు జానెడు తల్లివేరు ఉంటుంది. అందుచేత సంచి లోతుగా ఉండవలెను. పొట్టి కుండీలో పెట్టితే వేరు అడుగు తగిలి చుట్టలు చుట్టుకొంటుంది. అట్టి మొక్క పెద్దదైన తరువాత కూడ గాలికి నిలువదు. గింజను ఒక అంగుళము లోతుకు మించకుండా నాటి, మన్ను చెమ్మగా ఉండేటట్లు చూడవలెను గాని బురదగా చేయరాదు. మూడు వారములు మొదలు ఆరు వారముల లోపల మొలక వస్తుంది. కొన్ని గింజలు ఆలస్యము చేస్తాయి. సంచిని పారవేయడానికి తొందరపడరాదు.

గింజతో పెంచిన చెట్టు కాపుకు రావడానికి ఎనిమిది పదేండ్లు పడుతుంది. అంటుకట్టిన మొక్కలు కొన్ని నర్సరీలలో దొరుకుతున్నవి. అవి అంతకన్న ముందే కాస్తాయి. పొలములో ఆదాయమునకు పెంచేవారు అంటు మొక్కలు తెచ్చుకొనుట మేలు. ఇంటి పెరటిలో ఒక చెట్టు చాలుననుకొనే వారికి గింజ మొక్క చాలును. దానికి తల్లివేరు బలము ఎక్కువ, కరువుకు తట్టుకొనే శక్తి ఎక్కువ.

చోటు, గుంట, నీరు

కుంకుడు ముప్పది నలుబది అడుగుల ఎత్తు పెరిగి, గొడుగువలె విస్తరించే చెట్టు. ఇంటి గోడకు, బావికి, సెప్టిక్ తొట్టికి కనీసము ఇరువది అడుగుల దూరమున నాటవలెను. విద్యుత్తు తీగల క్రింద నాటి, పెరిగిన తరువాత తల నరికించడము చెట్టుకు, మనకు కూడ శిక్ష. బోరు వేసే బండి, ఇల్లు కట్టే లారీ ఏనాటికైనా రావలసి ఉంటుందని ముందే తలచి, దారి విడిచి నాటండి. ఈ మాట నేను అనుభవముతో చెబుతున్నాను.

పొలము గట్టుమీద పెంచేవారు ఉత్తరపు గట్టును ఎన్నుకొనవలెను. మన ప్రాంతమున సంవత్సరములో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణముగా ఒరిగి నడుస్తాడు. కాబట్టి ఉత్తరపు గట్టు చెట్ల నీడ మన పైరుమీద గాక ఆవలికి పడుతుంది. ఆవలి చేను ఇతరులదైతే వారితో ముందే మాట్లాడుకొనుట ధర్మము. చెట్టుకు చెట్టుకు ఇరువది అడుగులకు తక్కువ కాకుండా ఎడము ఉండవలెను.

ఎఱ్ఱనేల, గులకనేల, గరుసునేల కుంకుడుకు సరిపోతాయి. నీరు నిలిచే నల్లరేగడి మాత్రము పనికిరాదు. వేసవిలోనే రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంట త్రవ్వి, పదిహేను దినములు ఎండనివ్వవలెను. పైమన్నుతో ఒక తట్టెడు మాగిన ఎరువు, రెండు దోసిళ్ల వేపపిండి కలిపి నింపవలెను. చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు నైరుతి ఋతుపవనములు కొంత, ఈశాన్య ఋతుపవనములు కొంత వాన నిస్తాయి. ఆశ్వయుజ కార్తికములలో పడే వాన మనకు ముఖ్యమైనది. అందుచేత శ్రావణ భాద్రపదములలో మొక్కను నాటితే వేరు పట్టుకొనే సమయానికి పెద్ద వానలు అందుతాయి. సంచిని చింపి, మన్నుగడ్డ పగలకుండా దించి, సంచిలో ఎంత లోతున ఉన్నదో అంతే లోతున నిలుపవలెను.

మొదటి రెండు వేసవులు గడవడమే ప్రధానము. వారమునకు ఒకసారి, రెండు మూడు బిందెల నీరు నిదానముగా ఇంకేటట్లు పోయండి. దినదినము చెంబెడు పోయడముకన్న ఇది మేలు. వేరు లోతుకు పోవడము నేర్చుకొంటుంది. పాదులో వేరుశనగ పొట్టో, ఎండుటాకో పరచి ఉంచితే చెమ్మ నిలుస్తుంది. మొదలుకు మాత్రము తగలనీయరాదు. అక్కడ చెదలు చేరుతాయి. లేత చిగురును మేకలు మేస్తాయి గనుక చుట్టూ తుమ్మకంప నాటవలెను. మూడవ ఏడు దాటిన తరువాత, మరీ కరువు వస్తే తప్ప, చెట్టు మనలను నీరు అడుగదు.

చెట్టు ఆకు రాల్చినప్పుడు క్రొత్తగా పెంచేవారు భయపడి నీరెక్కువ పోస్తారు. అక్కరలేదు. గట్టుమీది చెట్టు బాగా రాలుస్తుంది. పెరటిలో స్నానపు నీరు త్రాగే చెట్టు కొంతే రాలుస్తుంది. రెండును ఆరోగ్యమైన చెట్లే. కొమ్మను గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు నిద్రలో ఉన్నదన్నమాట. రాలిన ఆకును తగులబెట్టక పాదులోనే పోయవలెను.

కాయలు ఏరిన తరువాత క్రింది కొమ్మలను, ఒకదానినొకటి రాచుకొనే కొమ్మలను తీసివేయవచ్చును. ఒకేమారు చాల కొమ్మలు నరకరాదు. ఏటేటా కొద్దిగా తీస్తూ ఆరడుగుల వరకు మాను శుభ్రము చేస్తే చెట్టు క్రింద మనిషి నిలిచి పనిచేయడానికి వీలుగా ఉంటుంది. తెగుళ్లు తక్కువ. రాలిన గింజల చుట్టూ ఎఱ్ఱని నల్లి వంటి పురుగులు గుంపులుగా చేరడము చూచి కొందరు చెట్టుకు చీడ పట్టినదనుకొంటారు. అవి గింజ రసమును పీల్చి బ్రతికేవి. చెట్టుకు ముప్పు లేదు. మందు చల్లవలసిన పని లేదు. గింజలు కావలసినవారు త్వరగా ఏరుకొంటే చాలును.

కాయ ఇంటికి వచ్చిన తరువాత

పండి రాలిన కాయలను గోనెపట్టామీద ఐదారు దినములు గట్టి ఎండలో ఎండబెట్టవలెను. చేతితో ఊపినప్పుడు లోపల గింజ గలగలమంటే ఎండినట్లు. అప్పుడు కొట్టి గింజ తీసి, తొక్కను మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసుకొనండి. చెమ్మ తగిలితే జిగురు కట్టి బూజు పడుతుంది. గింజతో అమ్మిన కాయకన్న గింజ తీసిన కాయకు ధర ఎక్కువ; ఆ పని ఇంటి నీడలో కూర్చొని చేయదగినది.

తలంటికి పది పన్నెండు కాయల తొక్కను రాత్రి వేడినీటిలో నానవేసి, ప్రొద్దున పిసికి, గుడ్డతో వడగట్టవలెను. కొందరు మందారాకు కూడ నూరి కలుపుతారు. ఆ రసము ఒకటి రెండు దినములకు పులిసిపోతుంది. ఏ పూటకాపూట చేసుకొనుట మంచిది. కంటిలో పడితే మొదట చల్లని మంచినీటితో బాగా కడగవలెను. మంట తగ్గకపోతే వైద్యునికి చూపవలెను. ఉప్పుకల్లు ఆ తరువాతి మాట. రసమును లోపలికి పుచ్చుకొనరాదు. పిసికిన పిప్పిని చేపలున్న కుంటలో పారవేయరాదు. సాపోనిన్ చేపల మొప్పలకు విషము.

తోట పెంచేవారికి మరియొక ఉపయోగము. వేప కషాయము చల్లినప్పుడు అది నున్నని ఆకులమీద నిలువక జారిపోతుంది. కొంచెము కుంకుడు రసము కలిపితే కషాయము ఆకంతా పరచుకొని అంటుకొంటుంది. ప్రకృతి వ్యవసాయము చేసే రైతులు ఈ పద్ధతిని వాడుతున్నారు.

చెట్టు ఎందుకు తగ్గినది

ఇంత ఉపయోగము గల చెట్టు ఎందుకు తగ్గినదని అడుగవచ్చును. మన దేశమునుండి ఇంగ్లండుకు పోయిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదములో బ్రైటన్ నగరమున స్నానశాల నెలకొల్పి, అంగమర్దనమునకు "షాంపూ" అన్న మన దేశపు మాటను అక్కడ ప్రచారము చేసినాడు. ఆ మాటే అర్థము మారి, సీసాలలో తిరిగి మన దేశమునకు వచ్చినది. 1980లలో తమిళనాడులోని కడలూరునుండి చిన్న పొట్లములలో షాంపూ బయలుదేరినప్పుడు, అది కూలివాని ఇంటికి కూడ అందుబాటైనది. కాయ కొట్టే శ్రమ, వడగట్టే శ్రమ, కళ్లమంట అన్నీ తప్పినవి. ప్రొద్దున్నే పనికి పరుగెత్తే స్త్రీకి అది తెచ్చిన సౌకర్యము తక్కువది కాదు. దానిని తప్పుపట్టడము నా ఉద్దేశము కాదు. చెట్టు తగ్గినది పొట్లము వలన మాత్రమే కాదు. పెరడు తగ్గడము వలన. ఇంటి స్థలము ప్రతి అడుగు ధర పలికినప్పుడు, పదేండ్లకు గాని కాయని చెట్టుకు చోటెవరు విడుస్తారు?

అయినను కాయకు గిరాకీ పోలేదు. విశాఖపట్టణము కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యములో సేకరించిన కుంకుళ్లను కొనుచున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, అడవిలో దొరికే చిన్న ఫలసాయములను సేకరించి అమ్ముకొనే హక్కును అడవి నాశ్రయించిన కుటుంబములకు ఇచ్చినది. మన కొండ పాదములలోని యానాదుల వంటి వారికి ఇది ఆసరా. కాని గిరాకీ అంతా అడవి మీదనే పడితే, కాయ కోసము కొమ్మలు నరికే తొందర పుడుతుంది. గట్టుమీద ఒక చెట్టు, పెరటిలో ఒక చెట్టు పెరిగితే అడవిమీది బరువు ఆ మేరకు తగ్గుతుంది. వానకు ఆధారపడిన మెట్టరైతుకు, పైరు పోయిన సంవత్సరము కూడ గట్టుమీది చెట్టు నాలుగు బుట్టల కాయ ఇస్తుంది. ఆ నాలుగు బుట్టలు అప్పు తీర్చవు. కాని చేతిలో ఏమియు లేని ఇంటికి అవి కొంత ధైర్యము.

"పదేండ్లు ఎవరు చూడవచ్చినారు?" అనే పెద్దవారుంటారు. మా అవ్వగారి చెట్టును నాటినది ఎవరో ఆమెకు కూడ తెలియదు. నాటినవారు దాని కాయతో తలంటుకొన్నారో లేదో తెలియదు. మేము మాత్రము మూడు తరములవారము అంటుకొన్నాము. ఒక్క పూటలో కొట్టివేసినాము.

నేను మూడవసారి నాటిన మొక్క ఇప్పుడు ఆరవ ఏట ఉన్నది. ఇంటి కప్పును దాటి పెరిగినది. ఇంకను పూయలేదు. ఈ వేసవికి ముందు ఆకంతా రాల్చినప్పుడు, పొరుగింటి వారు వచ్చి, చెట్టు ఎండిపోయినది గదా, కొట్టివేస్తే కారు పెట్టుకొనవచ్చునని సలహా చెప్పినారు. నేను ఒక కొమ్మను గోటితో గీరి చూపినాను. లోపల పచ్చగా ఉన్నది.